అభినేత్రి ఆభిజాత్యము

జీడిమెట్ల కర్మాగారముల నడుమనుండి బయలుదేరి, చింతల్, బాలానగరు, ఎర్రగడ్డల మీదుగా దక్షిణమునకు సాగిపోయినచో, అమీరుపేట చెంత సారథీ స్టూడియో ఎదురగును. నగరపు ఉత్తర దిక్కున యంత్రశాలలును, వానికి కొలది మైళ్ల దూరమున చిత్రశాలయు వెలయుట కేవలము యాదృచ్ఛికము కాదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించి, హైదరాబాదు తెలుగువారికెల్ల రాజధాని యైన పిదప, పరిశ్రమలు ఈ నగర పరిసరములకు చేరినట్లే చలనచిత్ర నిర్మాణమును చెన్నపట్టణమునుండి మెల్లమెల్లగా తరలివచ్చినది. సనత్‌నగరు, బాలానగరుల తరువాత జీడిమెట్లకు పారిశ్రామిక రూపము వచ్చుటకు 1970వ దశకము రావలసియుండెను గాని, చిత్రశాల మాత్రము అంతకు చాలముందే కన్ను తెరచినది. ఆ స్టూడియోలో పూర్తిగా నిర్మింపబడిన తొలి తెలుగు చిత్రమని పేరొందిన “మా ఇంటి మహాలక్ష్మి” 1959లో విడుదలయ్యెను. దర్శకుడు గుత్తా రామినీడు, కథానాయకుడు హరనాథ్ అను నూతన నటుడు, కథానాయిక జమున.

అప్పటికి “మిస్సమ్మ”, “దొంగరాముడు”, “భూకైలాస్” వంటి చిత్రములలో నటించి దక్షిణాపథమంతట పేరొందిన నటి ఆమె. అట్టి నటి క్రొత్త ఊరిలో, క్రొత్త చిత్రశాలలో, మొట్టమొదటిసారి వెండితెర కెక్కుచున్న కథానాయకుని సరసన నిలుచుట చరిత్రకారునకు కుతూహలము కలిగింపకపోదు. ఆ కుతూహలమును వెంబడించినచో మనకు లభించునది ఒక తార జీవిత వృత్తాంతము మాత్రమే గాక, తెలుగునాట నటన యను వృత్తి గౌరవమును సంపాదించుకొనిన క్రమమును అగును.

ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున తెలుగు నాటకములందు స్త్రీపాత్రలను పురుషులే ధరించుట సర్వసాధారణమై యుండెను. బాపట్లలో జన్మించి తెనాలి రంగస్థలమున ప్రసిద్ధుడైన స్థానం నరసింహారావు సత్యభామగాను, చింతామణిగాను, రోషనారగాను ప్రేక్షకులను ముగ్ధులను గావించి, 1956లో పద్మశ్రీ పురస్కారమును పొందినాడు. సురభి నాటక సమాజములు మాత్రము కుటుంబ సమాజములగుటచే తమ యింటి స్త్రీలనే రంగమునకు దెచ్చినవి. 1932లో తొలి తెలుగు టాకీ “భక్త ప్రహ్లాద” వెలువడినపుడు లీలావతి పాత్రకు కమలాబాయి దొరకుట ఆ సంప్రదాయపు ఫలమే. గృహస్థులు తమ బిడ్డలను ముఖమునకు రంగు వేసికొననిచ్చుటకు జంకిన దినములవి. మగవాడు ఆడువేషము వేసినచో పద్మశ్రీ వచ్చును. ఆడుది తన వేషమును తానే వేసినచో అపవాదు వచ్చును. ఈ వైపరీత్యమును దాటివచ్చిన నటీమణులలో ఒక్కొక్కరు ఒక్కొక్క త్రోవ త్రొక్కిరి. భానుమతి 1953లో “చండీరాణి”కి తానే దర్శకత్వము వహించెను. రేడియో నాటకములలో గొంతు వినిపించిన జానకి, వివాహమై బిడ్డ తల్లియైన పిదప, 1950లో “షావుకారు” కథానాయికయై ఆ చిత్రము పేరునే తన యింటిపేరుగా చేసికొనెను. జమున త్రొక్కిన త్రోవ వీనిలో దేనిని పోలదు. ఆమె వచ్చినది ప్రజానాట్యమండలి వేదికనుండి.

జమున 1936 ఆగస్టు 30వ తేదీన హంపిలో జన్మించెను. తండ్రి నిప్పాణి శ్రీనివాసరావు వర్తకుడు, తల్లి కౌసల్యాదేవి. బాల్యమంతయు గుంటూరు జిల్లా దుగ్గిరాలలో గడచెను. పసుపు వ్యాపారమునకు దేశమంతట పేరుపడిన ఊరది; తెనాలికి కూతవేటు దూరమున నుండుటచే నాటకపు గాలి దానికి కొరతపడలేదు. తల్లి ఆమెకు సంగీతమును నేర్పించెను. ఆ కాలమున కొంగర జగ్గయ్య దుగ్గిరాలలో ఉపాధ్యాయుడు; పాఠము చెప్పిన నోటితోనే సాయంకాలము నాటకపు సంభాషణలు చెప్పించిన ఆయన, “ఖిల్జీ రాజ్యపతనము” అను నాటకములో ఈ బాలికచే వేషము వేయించెను. సావిత్రియు అప్పటికింకను రంగస్థల నటియే. నాటక ప్రదర్శనకై దుగ్గిరాల వచ్చినపుడు జమునగారి యింటనే బసచేసెను. తరువాతి కాలమున “మిస్సమ్మ”లోను “గుండమ్మ కథ”లోను అక్కచెల్లెండ్రవలె మెలగవలసిన వీరిరువురి పరిచయము ఆవిధముగా ఒక పల్లె యింటి వసారాలో మొదలైనది.

ప్రజానాట్యమండలి నాటకములకు ఆ జిల్లాలలో గల ప్రభావమును ఈనాడు ఊహించుట కష్టము. 1943లో బొంబాయిలో వెలసిన అఖిల భారత ప్రజానాట్య సంఘమునకు తెలుగు శాఖగా అది ఎదిగి, బుర్రకథను, వీధినాటకమును, జానపదుల పాటను రాజకీయ చైతన్యమునకు వాహికలుగా మలచుకొనినది. సుంకర సత్యనారాయణయు వాసిరెడ్డి భాస్కరరావును 1947లో రచించిన “మా భూమి” దానికి కిరీటము వంటి నాటకము. నిజాము పాలనలోని తెలంగాణ రైతుల పోరాటమును కోస్తా జిల్లాల ప్రజల కన్నుల యెదుట నిలిపిన ఆ నాటకమును మదరాసు ప్రభుత్వము నిషేధించెను. దుగ్గిరాల బాలిక ఈ నాటకములోనే నటించుచుండగా డాక్టరు గరికపాటి రాజారావు చూచెను. రాజారావు వైద్యుడు, ఆపైని నాటక ప్రయోక్త, ప్రజానాట్యమండలికి ప్రాణము పోసిన వారిలో అగ్రేసరుడు. ఆయన నిర్మించిన “పుట్టిల్లు” 1953లో విడుదలయ్యెను. అల్లు రామలింగయ్యకును, జమునకును అదియే తొలి చిత్రము. చిత్రము ధనమును తీసికొనిరాలేదు గాని, ఇద్దరు నటులను తెచ్చినది.

ఈ పుట్టుక ఆమె నటజీవితమునకు ఒక స్వభావమును ప్రసాదించినది. ప్రజానాట్యమండలి వేదికపై నటుడు జనుల వినోదార్థము కిరాయికి వచ్చినవాడు కాడు. ఒక ఉద్యమములో భాగస్వామి. పాత్ర పెద్దదా చిన్నదా యను తారతమ్యము గాని, రాజవేషధారికి ఒక పంక్తి, భటవేషధారికి వేరొక పంక్తి యను భేదము గాని అచ్చట చెల్లవు. అట్టి సమభావమును పదునారేండ్ల ప్రాయమునందే వంటబట్టించుకొనిన యువతి, నాయకుని పేరును బట్టియే సమస్తమును నిర్ణయింపబడు చెన్నపట్టణపు చిత్రసీమలో అడుగుపెట్టినది. తరువాతి సంఘర్షణకు బీజము ఇచ్చటనే పడినదని నా తలంపు.

చెన్నపట్టణమున ఆమె ఎదుగుదల వేగముగా సాగెను. 1955 సంక్రాంతికి వెలువడిన “మిస్సమ్మ”లో, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఆమెకిచ్చిన సీత పాత్ర రెండవ నాయికది. కాని ఆ చిత్రము తమిళమున “మిస్సియమ్మ”గాను, 1957లో హిందీలో “మిస్ మేరీ”గాను వెలువడినపుడు, ప్రధాన పాత్రధారులు మారినను సీత మాత్రము మారలేదు. తెలుగులో అక్కినేని నాగేశ్వరరావు సరసన నటించిన పాత్రనే హిందీలో కిశోర్ కుమార్ సరసన నటించి, మూడు భాషల ప్రేక్షకులను మెప్పించుట ఇరువది యేండ్ల నటికి సామాన్య విషయము కాదు. అదే 1955లో అన్నపూర్ణా సంస్థవారి తొలి చిత్రమైన “దొంగరాముడు”లో నాగేశ్వరరావునకు చెల్లెలిగా నటించెను. నేడు నాయికయై రేపు చెల్లెలగుట తారలు సాధారణముగా ఒప్పుకొనని కార్యము. నాయిక స్థానము జారిపోవునను భయము దానికి కారణము. జమునకు ఆ భయము ఉన్నట్లు కానరాదు. 1956లో “చిరంజీవులు”, “తెనాలి రామకృష్ణ”, 1957లో బి.ఎన్. రెడ్డి దర్శకత్వమున “భాగ్యరేఖ”, 1958లో “భూకైలాస్”లో మండోదరి, ఇట్లు సాంఘికమును పౌరాణికమును సరితూగునట్లు ఆమె ప్రస్థానము సాగినది.

1957లో సముద్రాల రాఘవాచార్య దర్శకత్వమున వచ్చిన “వినాయక చవితి”లో ఆమె తొలిసారిగా సత్యభామ పాత్రను ధరించెను, 1966లో డి. రామానాయుడు నిర్మించిన “శ్రీకృష్ణ తులాభారము”లో ఆ పాత్రకు పరిపూర్ణత కలిగెను. తెలుగువారికి సత్యభామ కేవలము పురాణ స్త్రీ కాదు. కూచిపూడి భామాకలాపమున ఆమెయే సర్వస్వము. జడను ముందుకు వేసికొని సవాలు విసరు ఆ భామ వేషము ప్రతి భాగవతునకు గీటురాయి. రంగస్థలమున ఆ పాత్రను శాసించినది స్థానం నరసింహారావు. ముత్తరాజు సుబ్బారావు రచించిన “శ్రీకృష్ణ తులాభారము”లో ఆయన నడకయు, ఓరచూపును, మాట విరుపును చూచుటకు జనులు బండ్లు కట్టుకొని వచ్చెడివారు. కనుక సత్యభామ వేషము వేయ సాహసించిన ఏ నటికైనను ఒక పురుషుడు నిర్ణయించి పెట్టిన స్త్రీత్వపు కొలతతో తులతూగవలసిన విపత్తు తప్పదు.

జమున ఆ విపత్తును ఎదుర్కొనిన తీరు గమనింపదగినది. స్థానంవారి పద్ధతిని ఆమె తిరస్కరింపలేదు. ఆ నాటకపు పాట సైతము సుశీల కంఠమున చిత్రములోనికి వచ్చినది. అయినను రంగస్థల నటుడు కడపటి వరుస ప్రేక్షకునకై పెద్దది చేసి చూపవలసిన భంగిమను, ఆమె కెమెరా సమీపమునకు తగినట్లు కుదించి, గర్వమంతయు కంటి కొనలోను, కనుబొమ విరుపులోను, పెదవి అంచునను నిలిపెను. పతిని తూకమువేసి దక్కించుకొనజాలనని తెలిసిన క్షణమున సత్యభామ గర్వము భంగమగుట కథకు ప్రయోజనము. కాని కథ ఎంత బోధించినను, ప్రేక్షకుడు ఇంటికి తీసికొనిపోవునది రుక్మిణి వినయమును గాక సత్యభామ అతిశయమునే. గర్వము దోషమని కథ చెప్పుచుండగా, అది ఎంత సుందరమో నటి చూపుచుండును. ఈ రెండింటి పెనుగులాటయే ఆ పాత్రకు జీవము. 1965లో విఠలాచార్య తీసిన “మంగమ్మ శపథము”లో ఈ పెనుగులాట మరియొక రూపము దాల్చినది. తన్ను అవమానించిన రాజపుత్రుని, అతని కుమారునిచేతనే కొరడాతో కొట్టించెదనని శపథము చేసి, దానిని చెల్లించుకొనిన పల్లెపడుచు మంగమ్మ. ఇచ్చట కథయు నటియు ఒకేవైపున నిలిచిరి. స్త్రీ పట్టుదల దండనకు గురికాక, గెలుపునకే చేరినది.

నిజజీవితమున ఆమెకు ఇట్టి పరీక్ష 1959 ప్రాంతమున వచ్చినది. అగ్రనాయకులైన ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావులతో ఆమెకు పొరపొచ్చెములు కలిగి, ఆమె సరసన తాము నటింపబోమని వారిరువురును నిశ్చయించుకొనిరి. ఈ నిశ్చయపు బరువు తెలియవలెనన్నచో ఆనాటి వ్యాపార పద్ధతిని ఎరుగవలెను. చిత్రము ఆరంభము గాకమునుపే పంపిణీదారులు ప్రాంతముల వారీగా ఇచ్చు బయానా సొమ్ముతోనే నిర్మాత పెట్టుబడిలో పెద్దభాగము సమకూరును. పంపిణీదారుడు బయానా ఇచ్చునది నాయకుని పేరు చూచి. ఆ నాయకులలో మొదటివారు ఇరువురే. వారు వలదన్న నటిని తీసికొనుటకు ఏ నిర్మాతకు గుండె చాలును? ఇంకొకతె యైనచో క్షమాపణపు ఉత్తరము వ్రాసియిచ్చి యుండును, లేదా ముఖమునకున్న రంగు కడిగికొని ఇంట కూర్చుండి యుండును.

జమున రెండింటిలో ఏదియు చేయలేదు. సుమారు మూడేండ్లపాటు హరనాథ్, జగ్గయ్య వంటి నటుల సరసన తెలుగులో నటించుచు, తమిళ, హిందీ చిత్రములలో తన స్థానమును పదిలపరచుకొనుచు కాలము గడపెను. సారథీ స్టూడియోలో ఆమె “మా ఇంటి మహాలక్ష్మి”గా నిలిచినది ఈ కాలపు పరిధిలోనే. క్రొత్త నాయకుడు, క్రొత్త స్టూడియో, క్రొత్త రాజధాని. పాత కేంద్రముననున్న అధికారము చేరజాలని ఒక చోటు ఆ చిత్రములో కనబడుచున్నది. 1962లో “గుండమ్మ కథ”కై చక్రపాణి చొరవ చూపి ముగ్గురిని కలిపినదాక ఈ వైరము సాగినదని చెప్పుదురు. ఆ చిత్రములో ఆమె పోషించిన సరోజ, తల్లి గారాబముచే పొగరెక్కి, మగని చేతిలో కాయకష్టము చేసి వినయము నేర్చుకొను యువతి. తలవంచకయే తిరిగివచ్చిన నటికి తలవంచుటను అభినయించు పాత్ర లభించుటలోని చమత్కారమును ఆనాటి ప్రేక్షకులు గుర్తించియుండిరో లేదో గాని, చరిత్ర మాత్రము మరువరాదు.

ఇట్టి సంఘర్షణలు అన్యదేశములందును లేకపోలేదు. హాలీవుడ్ నటి ఒలీవియా డి హావిలాండ్, తాను నిరాకరించిన పాత్రల కాలమును కూడ ఒడంబడికకు చేర్చి వార్నర్ సంస్థవారు తన్ను బంధించుచున్నారని న్యాయస్థానమున కెక్కి, 1944లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టులో గెలిచినది. ఏడేండ్లకు మించి ఏ నటుని ఒడంబడికచే కట్టివేయరాదను సూత్రము ఆ తీర్పుతో స్థిరపడినది. చెన్నపట్టణమున జమునకు అట్టి న్యాయస్థానము లేదు. ఆమెను బంధించినది వ్రాతపూర్వకమైన ఒడంబడిక కాదు, నోటిమాట. నోటిమాటను కొట్టివేయుటకు తీర్పులు చాలవు. పని చేయుచు నిలబడుటయే శరణ్యము. ఆమె విజయము న్యాయశాస్త్ర గ్రంథములకు ఎక్కకపోవుటకు ఇదియే కారణము.

తిరిగివచ్చిన పిదప ఆమెకు లభించిన పాత్రలలో శిఖరము వంటిది 1964లో ఆదుర్తి సుబ్బారావు తీసిన “మూగమనసులు”లోని గౌరి. గోదావరి తీరమున పడవవాడు గోపి, జమీందారు బిడ్డ రాధ. వారి నడుమ గోపిని ప్రేమించి, ఆ ప్రేమ దక్కదని తెలిసియు తన నవ్వును చంపుకొనని పల్లెపిల్ల గౌరి. ముళ్లపూడి వెంకటరమణ వ్రాసిన మాటలు ఆ జిల్లా యాసలో ఆమె నోట నిప్పురవ్వలవలె రాలినవి. కథానిర్మాణములో మరియొక విశేషము గలదు: పూర్వజన్మ వృత్తాంతమును చెప్పునది ముదుసలియైన గౌరియే. గోపియు రాధయు ఏటిలో మునిగిపోగా, వారి కథను మోయుచు బ్రదికినది ఆమె. నాయిక సావిత్రియే యైనను, కథకు జ్ఞాపకశక్తి గౌరి. ఆమె లేనిచో చెప్పుటకు కథయే లేదు. పరువపు చిలిపితనమును, పండుముదిమి వణకును ఒకే చిత్రమున అభినయించి, రెండవ నాయిక పాత్ర యనునది ప్రథమ నాయికకు నీడ కానక్కరలేదని జమున నిరూపించెను. 1967లో ఆదుర్తియే దీనిని హిందీలో “మిలన్”గా తీసినపుడు సునీల్‌దత్, నూతన్‌లు వచ్చిరి. గౌరికి మాత్రము బొంబాయిలో ప్రత్యామ్నాయము దొరకలేదు. ఆ పాత్రకే ఆమెకు ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ సహాయనటి పురస్కారము లభించెను.

1965లో ఆమె జంతుశాస్త్ర ఆచార్యుడైన జూలూరి రమణారావును వివాహమాడి, కాలక్రమమున హైదరాబాదులో స్థిరపడెను. పెండ్లితో నటీమణుల పేరు తెరనుండి తొలగిపోవు ఆచారమునకు భిన్నముగా, “శ్రీకృష్ణ తులాభారము”, “మిలన్” రెండును ఆమె పెండ్లి తరువాత విడుదలైనవే. 1968లో “ఉండమ్మా బొట్టు పెడతా”, 1971లో కన్నడమున పుట్టణ్ణ కణగాల్ దర్శకత్వము వహించిన “సాక్షాత్కార”, 1972లో “పండంటి కాపురము” వచ్చినవి. ఈ కడపటి చిత్రములో ఆమెది ప్రతినాయిక ఛాయ గల పాత్ర. నాయికగా వెలుగొందిన నటి దుష్టపాత్రకు ఒప్పుకొనుట పతనమని తలచువారికి ఆమె అభినయమే సమాధానము.

అప్పటికి హైదరాబాదు నిజముగానే చిత్రకేంద్రముగా మారుచుండెను. 1976లో అన్నపూర్ణా స్టూడియో ప్రారంభమైనది. నాచారమున రామకృష్ణా స్టూడియో లేచినది. ఆ దశకముననే జీడిమెట్లలో ఒకదాని వెంట ఒకటిగా కర్మాగారములు వెలసి, కోస్తా జిల్లాలనుండియు, తెలంగాణ పల్లెలనుండియు, పరరాష్ట్రముల నుండియు వచ్చిన కార్మికులతో షాపూరునగరు, చింతల్, సూరారము వంటి చోట్లు నిండుచుండెను. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రసారములు ఆరంభించెను. వారమున కొకసారి వచ్చు పాత చిత్రమునకై వాడలో టెలివిజన్ పెట్టె ఉన్న ఏకైక గృహమున ఇరుగుపొరుగువారు గుమిగూడిన కాలమది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చిన పిదప పాత చిత్రము దినదినము లభించు వస్తువైనది. శ్రీకాకుళపు కార్మికుడును, పాలమూరు కార్మికుడును, వారి భార్యలును, ఒక గదిలో కూర్చుండి “గుండమ్మ కథ”ను చూచినపుడు, జమునకు తాను ఎన్నడు ఎరుగని రెండవ ప్రేక్షకలోకము లభించినది. చలనచిత్ర నటి టెలివిజన్ నటిగా మారుట అనగా ధారావాహికలలో నటించుట యొకటే అర్థము కాదు. ఒక తరము వెండితెరపై చూచిన ముఖమును తరువాతి తరము నట్టింట చూచుటయు ఒక పునర్జన్మమే. “మూగమనసులు” చూచినవారికి ఈ పునర్జన్మ భావన క్రొత్తది కాదు.

తెరపై పాత్రలు తగ్గిన కాలమున ఆమె ప్రజాజీవితమున ప్రవేశించెను. వామపక్ష నాటకోద్యమపు వేదికనుండి వచ్చిన నటి, ఇందిరాగాంధీ ప్రభావముచే కాంగ్రెసులో చేరి, 1989లో రాజమండ్రి నియోజకవర్గమునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. తెలుగుదేశము స్థాపకుడైన రామారావు ఒకప్పటి తన సహనటుడే యగుటచే, ఈ పోటీని వెండితెర కలహమునకు కొనసాగింపుగా వర్ణించుట పత్రికలకు సులభమైనది. ఆ వర్ణనలో ఆకర్షణ గలదు గాని న్యాయము తక్కువ. 1991తో ఆమె లోక్‌సభ సభ్యత్వము ముగిసినది. తరువాత కొంతకాలము భారతీయ జనతా పక్షమున కూడ ప్రచారము చేసెను. పార్టీల మార్పులో సిద్ధాంతపు సూత్రమును వెదకుట వ్యర్థము. కాని తెలుగు ఆర్టిస్ట్స్ అసోసియేషన్ అను సంస్థను నెలకొల్పి పాతికేండ్లకు పైగా సేవ చేసిన విషయమును చూచినపుడు, ఆమె కర్మసూత్రము స్పష్టముగా కానవచ్చును. కళాకారునకు చప్పట్లతో పాటు బ్రదుకుతెరువును ఉండవలెనను ఆలోచన దుగ్గిరాల వేదికనాటిదే. రామారావు పేరిట నెలకొల్పబడిన జాతీయ పురస్కారమును ఆమె స్వీకరించుటతో పాత వైరము గౌరవపూర్వకముగా ముగిసినదని చెప్పవచ్చును.

2023 జనవరి 27న, తన 86 యేండ్ల వయస్సున, హైదరాబాదు స్వగృహమున ఆమె కన్నుమూసెను. అంతకు ఇంచుమించు తొమ్మిదేండ్ల ముందు, 2014 జూన్ 14న, జీడిమెట్లను ఆనుకొనియున్న కొంపల్లిలో మరియొక నటి తన యింట మరణించినది. ఆమె తెలంగాణ శకుంతల. పుట్టినది మహారాష్ట్రమున, 1951లో; మాతృభాష మరాఠీ; కాని తెలంగాణ పలుకుబడిని తెరపై నిలిపిన ఖ్యాతిచే ఆ ప్రాంతము పేరే ఆమె పేరునకు ముందు చేరినది. రంగస్థలమునుండి వచ్చిన ఆమె తొలి చిత్రము, గౌతమ్ ఘోష్ దర్శకత్వమున బి. నర్సింగరావు నిర్మింపగా 1979లో వచ్చిన “మా భూమి”. ఆ చిత్రమునకు కృష్ణచందర్ ఉర్దూ నవల ఆధారము. సుంకర, వాసిరెడ్డిల నాటకమునకు దానితో సంబంధము వస్తువులోను పేరులోను మాత్రమే. ఐనను తెలంగాణ రైతాంగ పోరాటమను ఒకే ద్వారమునుండి, మూడు దశాబ్దముల యెడముతో, కృష్ణాతీరపు బాలికయు మరాఠీ యువతియు తెలుగు నటనా లోకమున ప్రవేశించుట విస్మరింపరాని సత్యము. 1997లో “ఒసేయ్ రాములమ్మా”, 2003లో “ఒక్కడు” చిత్రములతో శకుంతల పేరు ఇంటింట మ్రోగినది. జమునకు దక్కిన నాయికా స్థానము ఆమెకు దక్కలేదు. ఆమె గొంతునందలి కాఠిన్యమునకు చిత్రసీమ క్రౌర్యమును, హాస్యమును తప్ప వేరు పాత్రలను అరుదుగా ఇచ్చినది. గోదావరి యాస మాటాడిన గౌరిని ప్రేమించిన పరిశ్రమ, తెలంగాణ యాస మాటాడు స్త్రీని ప్రేమింపదగినదిగా చూచుటకు చాలకాలము జంకినది.

మన చలనచిత్ర చరిత్రలు సాధారణముగా నాయకుల పేర్లతో యుగములను విభజించుకొనును. నటీమణులకు ఆ యుగములలో అందచందముల లెక్కన గదులు కేటాయించును. ఆ లెక్క ప్రకారము జమున సత్యభామగా ఒక గదిలోను, గౌరిగా వేరొక గదిలోను చిక్కుపడిపోవును. ఆమెను ఒక వృత్తికారిణిగా చూచినచో చరిత్ర మరియొక రీతిగా కనబడును: పని యిచ్చువాని అనుగ్రహముపై ఆధారపడిన వ్యవస్థలో, క్షమాపణ చెప్పక, పని మానక, తోడివారి పనిని గూర్చియు ఆలోచించిన ఒక శ్రామికురాలి కథ అది. పేరు జాబితానుండి కొట్టివేయబడిన మనిషి పనిముట్టు క్రింద పెట్టక నిలబడుట ఎంత కష్టమో జీడిమెట్ల వంటి కార్మికవాడలకు ఎవరును బోధింపనక్కరలేదు. సత్యభామ గర్వమును పురాణము దోషముగా లెక్కించెను. జమున విషయమున ఆ గర్వమే వృత్తికి మూలధనమైనదని తెలుగు చలనచిత్ర చరిత్ర ఒప్పుకొనవలసియున్నది.